గడియకు చుట్టిన గుడ్డ

కొత్త సెన్సార్ బిగించి తాళం తిప్పగానే పసుపు లైటు మళ్ళీ వెలిగింది.

మెకానిక్ ఆ లైటును తిట్టాడు. సెన్సార్ అమ్మినవాణ్ణి తిట్టాడు. ఇంకెవరూ దొరక్క తన తలరాతను తిట్టుకున్నాడు.

ఎక్స్‌కవేటర్ పొగ గొట్టంలోని ఫిల్టర్ మసితో పూడిపోతే వెలిగే లైటు అది. అయితే పాత బళ్ళు బాగుచేసేవాళ్ళకు ఒక నమ్మకముంది. చెడేది ఫిల్టర్ కాదు, దానికి కాపలా ఉన్న సెన్సార్. చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా. అందుకే అతను ఫిల్టర్ విప్పి చూడలేదు.

“అది అబద్ధం చెప్పట్లేదు నాయనా.”

గేటు అవతల ఓ పెద్దాయన. గొంతు బొంగురు. భుజాన ఆకుపచ్చ అంచు తువ్వాలు, దానికి ఒకవైపు అంచే లేదు.

“నీకెలా తెలుసు?” అన్నాడు మెకానిక్.

“కుక్క మొరిగితే దొంగ ఎక్కడున్నాడో చూడాలి. కుక్క నోరు కట్టేస్తే ఎలా?”

“పని లేనివాళ్ళందరికీ నా షెడ్డే దొరికింది. వెళ్ళు పెద్దాయనా, వెళ్ళు.”

పెద్దాయన కదల్లేదు. మెకానిక్ పానా వెతుక్కుని తలెత్తేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

మధ్యాహ్నం అక్క మొగుడు వచ్చాడు. జలుబుతో ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

“ఏం బామ్మర్దీ, నా రథం సిద్ధమా?”

“ముందు నీ ముక్కు బాగుచేయించుకో బావా. దానికీ ఫిల్టర్ పూడిపోయినట్టుంది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ బావ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“రేపు పొద్దున బండి క్వారీలో లేకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది. మీ అక్క మొహం చూళ్ళేకపోతున్నానురా.”

బావ చాలాకాలంగా ఖాళీగా ఉన్నాడు. బ్రోకర్ ద్వారా కొన్న ఈ పాత బండే ఇప్పుడు ఆ ఇంటికి దిక్కు.

మెకానిక్ ఇక ఆలోచించలేదు. సెన్సార్ తీసేసి, దాని తీగలకు దొంగ ప్లగ్గు తగిలించాడు. ఫిల్టర్ ఎప్పుడూ శుభ్రంగానే ఉందని ఇంజిన్‌కు చెప్పే ప్లగ్గు అది. లైటు ఆరిపోయింది.

బావ ఎక్కే బండి కదా అని క్యాబిన్ కూడా తుడిచాడు. తలుపు లోపలి గడియకు, అది పూర్తిగా పడకుండా, ఎవరో మాసిన గుడ్డ చుట్టి ఉంచారు. దాన్ని కోసి, కాలిన నూనె డ్రమ్ములో పడేశాడు.

“ఆ గుడ్డ తీసేశావా?”

పెద్దాయన ఈసారి షెడ్డు లోపలే, బండి పక్కనే నిలబడి ఉన్నాడు.

“లోపలికెలా వచ్చావు నువ్వు?”

“మీ బావని తలుపు తెరుచుకుని కూర్చోమను నాయనా. అదొక్కటి చెప్పు చాలు.”

“బ్యాటరీ ఎత్తుకుపోడానికి తలుపు తెరిచి పెట్టాలా? వెళ్తావా, మెడపట్టి గెంటమంటావా?”

పెద్దాయన జాలిగా చూశాడు. ఆ చూపుకే మెకానిక్‌కు ఇంకా ఒళ్ళు మండింది. గేటు దాకా వెళ్ళి లోపలినుంచి గొళ్ళెం వేసి వచ్చాడు. వచ్చేసరికి పెద్దాయన లేడు. ఎటు పోయాడో ఆలోచించే ఓపిక అతనికి లేదు.

బావ క్యాబిన్ ఎక్కి, తలుపు వేసుకుని, ఏసీ పెట్టుకున్నాడు. షెడ్డు వెనకున్న మట్టిదిబ్బ మీద బండిని పరీక్షించడం మొదలుపెట్టాడు. మెకానిక్ చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాడు.

కాసేపటికి అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఇంజిన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తవ్వుతున్న చప్పుడు మాత్రం లేదు.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. బకెట్ గాల్లోనే నిలిచిపోయి ఉంది. క్యాబిన్ తలుపు బార్లా తెరిచి ఉంది. కింద మట్టిలో బావ, కక్కుకుంటూ, బతికే ఉన్నాడు.

ఇంజిన్ ఆపి వచ్చి బావ తలను ఒళ్ళో పెట్టుకున్నాడు మెకానిక్.

“తల తిరిగింది. గడియ లాగితే రాలేదు, బిగుసుకుపోయింది,” అన్నాడు బావ. “నువ్వొచ్చి తీయకపోతే పోయేవాణ్ణిరా.”

“నేనా? ఇప్పుడేగా వచ్చాను.”

“మరి నన్ను దించిందెవరు? నన్ను పట్టుకున్న చేతికి మోచేతి దాకా నల్లటి నూనె. ఇంత ఎండలోనూ చల్లగా ఉంది.”

మెకానిక్ క్యాబిన్ వెనక చూశాడు. పూడిన ఫిల్టర్ వెనక్కి తోసేసిన పొగ, గొట్టం అతుకును చీల్చుకుని, ఏసీ గాలి పీల్చే చోటే మసి కక్కి ఉంది. జలుబు ముక్కుకు ఏం తెలుస్తుంది? తెలిసిన లైటు నోరు తనే కట్టేశాడు.

పెద్దాయన కాళ్ళ మీద పడాలనిపించింది. షెడ్డంతా వెతికాడు. గేటుకు తను వేసిన గొళ్ళెం వేసినట్టే ఉంది.

అంతలో ఎవరో గేటు తట్టారు. బండి అమ్మినావిడ, రెండో తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చింది.

మెకానిక్ దాచకుండా అంతా చెప్పాడు. గొంతు బొంగురన్నాడు, ఒకవైపు అంచులేని తువ్వాలన్నాడు.

“మీకు తెలిసినవాడైతే ఎక్కడుంటాడో చెప్పండమ్మా. దండం పెట్టుకుంటాను.”

ఆవిడ తిన్నగా బండి దగ్గరికి నడిచింది. మెట్టెక్కి క్యాబిన్ తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

డ్రమ్ములో పడేసిన గుడ్డ గడియకు చుట్టి ఉంది, నల్లటి నూనె కారుతూ.

ఆవిడ దాని కొస పిండి, వేలితో తుడిచింది. మసి కింద ఆకుపచ్చ అంచు బయటపడింది.

“గుండె ఆగి పోయాడన్నారు అందరూ,” అంది మెల్లగా. “మా నాన్న ఈ సీట్లో, బిగుసుకున్న ఈ తలుపు వెనకే పోయాక, ఇంకెవరికీ అలా కాకూడదని ఆయన తువ్వాలు అంచు చించి నేనే కట్టానండి.”