సిగ్నల్ దొరికిన రోజు

"చెట్టు అడ్డమొస్తుందవ్వా. ఆకాశం సాఫ్‌గ కనవడకుంటే నెట్ పట్టదు," అన్నాడు బాలమల్లు.

శాటిలైట్ నెట్ డిష్ బిగించడానికి అతను మందమర్రి నుంచి వచ్చాడు. జైనూర్ దాటాక గుట్టల మధ్య ఉన్న ఆ చిన్న ఊరికి సెల్ టవర్ లేదు. కేబుల్ ఎన్నడూ రాలేదు.

సత్తవ్వ పెరట్లోని మామిడిచెట్టు వైపు చూసింది. కొడుకు తన చేతులతో నాటిన చెట్టు. ఆ ఏడే మొదటిసారి పూత పట్టింది.

"కొట్టెయ్యుండ్రి," అంది.

పక్కనున్న మహిమ ఉలిక్కిపడింది. "అవ్వా, గా చెట్టు..."

"కొట్టమన్న గద! నాకు బొమ్మ మంచిగ కనవడాలె."

మహిమ జేమ్స్ భార్య. జేమ్స్ గల్ఫ్‌లో జైల్లో ఉన్నాడు. కూలీల క్యాంపులో తాగి గొడవపడ్డారు. కత్తి దిగి తోటి పనివాడు ఒకడు చనిపోయాడు. తానే పొడిచానని జేమ్స్ ఒప్పుకున్నాడు. ఉరిశిక్ష పడింది.

కానీ తల్లి నోటి మాట వినేదాకా శిక్ష అమలు చేయొద్దని అక్కడి జడ్జి ఆపి ఉంచాడు. కాగితం మీద వేలిముద్ర చెల్లదు. మనిషి ఎదురుగా కనబడాలి. తన నోటితో చెప్పాలి. తల్లి కనికరం చూపమని ఒక్క మాట అంటే చాలు, ఉరి తప్పుతుందని లాయరు చెప్పాడు.

సత్తవ్వ మోకాళ్లు పెరడు దాటనివ్వవు. ఇక విమానం ఎక్కడ ఎక్కుతుంది? అందుకని వీడియోలో చూస్తామన్నారు.

పోయినసారి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గుట్ట మీదికి మోసుకెళ్లారు. అక్కడొక బండ మీద కొంచెం సిగ్నల్ దొరుకుతుంది. జడ్జి కనబడ్డాడు. ఏదో అడిగాడు. సత్తవ్వ నోరు తెరిచింది. అంతలో బొమ్మ గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. ఎంత తిప్పలు పడ్డా మళ్లీ కలవలేదు. వాయిదా పడింది. అంతకుముందూ అంతే జరిగింది.

దిగి వస్తుంటే దారి పొడుగునా మహిమ ఏడ్చింది. మర్నాడే పాస్టర్ బెంజమిన్ దగ్గరికి వెళ్లింది. ఆయన పట్నంలోని పెద్ద చర్చి వాళ్ల వెంటపడి, ఆమె కోసం ఈ నెట్ సాధించాడు.

జేమ్స్ జైలుకు పోయినప్పటి నుంచి మహిమ చంటిపాపతో సత్తవ్వ దగ్గరే ఉంటోంది. వండుతుంది. నీళ్లు మోస్తుంది. రోజూ ఆమె మోకాళ్లకు నూనె రాస్తుంది. సత్తవ్వ పెద్దగా మాట్లాడదు. పెట్టింది తింటుంది, కాళ్లు చాపుతుంది.

"కన్నబిడ్డ గూడ గింత చెయ్యది," అనుకునేవాళ్లు చర్చికి వచ్చే ఆడవాళ్లు.

చెట్టు కూలింది. డిష్ ఇంటి కప్పు మీదికెక్కింది. బాలమల్లు ఫోన్‌లో స్పీడ్ చూసి మురిసిపోయాడు.

"మా మందమర్రిల గూడ గింత లేదు!"

"మధ్యల ఆగదా?" అడిగింది సత్తవ్వ.

"ఆగదవ్వా. ఏం ఫికర్ జెయ్యకు."

మహిమ అతనికి చాయ్ ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ, "పరేషాన్ గాకు అక్కా. మీ ఆయన తప్పకుంట వస్తడు," అన్నాడతను. ఆమె దండం పెట్టింది.

వీడియో రోజు పొద్దున్నే మహిమ సత్తవ్వకు తల దువ్వి, ఉతికిన తెల్లచీర కట్టించింది. పాస్టర్ తన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏం చెప్పాల్నో మతికున్నదా అవ్వా?"

"నాకెవలు నేర్పొద్దు అయ్యగారు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ తల్లి నోటికి మంచి మాట అందియ్యి." అందరికన్నా గట్టిగా మహిమ ఆమెన్ అంది.

తెర వెలిగింది. జడ్జి, ఆయన పక్కన తెలుగు దుబాసీ, వాళ్ల ముందు జేమ్స్. తల గొరిగారు. చెంపలు లోపలికి పోయాయి. కళ్ల కింది నలుపు కూడా స్పష్టంగా కనబడుతోంది.

"అవ్వా!" అంటూ చేతులు జోడించాడు.

మహిమ పాపను ఎత్తి చూపింది. "ఏంజెల్, గిటు సూడు, బాపు." పాప సిగ్గుపడి తల్లి మెడలో ముఖం దాచుకుంది. జేమ్స్ ఏడుస్తూనే నవ్వాడు.

సత్తవ్వ కొంగుతో తెర తుడిచింది. ముందుకు వంగింది.

"తింటున్నవా?"

"తింటున్న అవ్వా."

"నిద్ర పడుతుందా?"

"పడుతలేదవ్వా. కండ్లు మూస్తే..."

"భయమైతుందా?"

"అయితుందవ్వా. పానం వణుకుతుంది. పాపను ఒక్కపారి ఎత్తుకోవాలనున్నది. తప్పు జేసిన. మాఫ్ చెయ్యి."

సత్తవ్వ అతణ్ణి చూస్తూనే ఉండిపోయింది. ఆ ముఖంలో ఏదీ వదలకుండా చూసింది. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు.

"సత్తవ్వ గారూ," అన్నాడు దుబాసీ. "జడ్జి గారు అడుగుతున్నారు. ఇంక మీ మాటే మిగిలింది. మీరేం చెబితే అదే."

మహిమ నేల మీదికి జారి సత్తవ్వ పాదాలు పట్టుకుంది.

సత్తవ్వ పాదాలు వెనక్కి లాక్కుంది. నిటారుగా కూర్చుంది. అవతలివాళ్లకు ఒక్కో మాటా వినబడేలా నిదానంగా చెప్పింది:

"నా కొడుకును పొడిసి సంపిన గీణ్ని ఉరి తియ్యుండ్రి."