కుర్చీ కోడలికి

తిరుపతి ఆసుపత్రి వరండాలో ఒకే ఒక్క కుర్చీ ఖాళీ అయింది. అందరూ కలిసి దాన్ని రూపశ్రీకి ఇచ్చేశారు.

"కూసోమ్మా, ఈ టైములో నిలబడగూడదు," అంది పాకాల నుంచి వచ్చిన లావుపాటి అక్క.

నలభై దాటిన అత్త ఆనందమ్మ పైట నిండుగా కప్పుకుని గోడకు ఆనుకుంది. పేరులో ఉన్న ఆనందం మొహంలో లేదు. వడమాలపేట నుంచి బస్సులోనూ ఇదే వరస. సీటు కోడలికి, నిలబడే చోటు అత్తకు.

"అత్తా, నువ్వు కూసో," అని రూపశ్రీ లేవబోయింది.

"నాకేం రోగం? నువ్వే కూసో. ఆ ఫైలూ నువ్వే పట్టుకో!"

మామ మునస్వామి గేటు కూడా దాటలేదు. టీకొట్టు దగ్గరే ఆగిపోయాడు.

కడుపుతో ఉన్నప్పుడు షుగరుంటే, రక్తనాళాలు ఎట్లున్నాయో రక్తం చూసి చెప్పే పరీక్ష ఒకటుంది. పోయిన వారం రక్తం ఇచ్చారు. ఫలితం ఇవాళ. బాగుంటే ఇల్లు, లేకుంటే బిడ్డ చేతికొచ్చేదాకా ఆసుపత్రి మంచం. వారంగా ఆనందమ్మకు కంటిమీద కునుకు లేదు.

అట్లని కడుపుమంట ఆగుతుందా? పాకాల అక్క రూపశ్రీకి అట్టముక్కతో విసురుతోంది. ఇంకొకామె మజ్జిగ సీసా అందించింది.

"తాగు తల్లీ, చక్కెర వెయ్యలేదులే! అదృష్టవంతురాలివి, అత్త తోడొచ్చింది."

తోడంట! ఆ మాటకు ఆనందమ్మ మనసు తోడుకోలేదు, విరిగింది. షుగరు నెత్తుట్లో చేరితే చేరింది, ఈ తీపిమాటలన్నీ దీని చెవిలోనే చేరాల్నా?

"పదిహేడో నంబరు!" నర్సు నిస్సీ కాగితంతో వచ్చింది. "నాళాల లెక్క బాగలేదు. బీపీ ఎక్కకముందే మంచమెక్కాల. ఇప్పుడే అడ్మిషను."

రూపశ్రీ మొహం పాలిపోయింది. "సిస్టర్, నేను..."

"మాట్లాడొద్దు, ఆయాసమొస్తాది!"

నిస్సీ చక్రాల కుర్చీ లాక్కొచ్చింది. నలుగురు చేరి కోడల్ని పూలబుట్టలా ఎత్తి అందులో పెట్టారు. పాకాల అక్క తన చెంగుతో ఆ పిల్ల నుదుటి చెమట తుడిచింది. చక్రాలు కదిలాయి.

ఇక ఓర్చుకోలేక, ఐదు నెలల సిగ్గును గోడకే వదిలేసి, ఆనందమ్మ కుర్చీకి అడ్డంపడి అరిచింది: "దించండి దాన్ని, కడుపుతో ఉండేది నేను!"