దండుగమారి డబ్బా

“ఆ డబ్బా దండుగ,” అన్నాడు జయరాజు.

అన్నది టీవీకి తగిలించే డబ్బా గురించి. అరచేతిలో పట్టేంత ఉంటుంది. టీవీ వెనక గుచ్చి వైఫై కలిపితే చాలు, పాత టీవీలో కూడా యూట్యూబ్ వస్తుంది. హన్మకొండ చౌరస్తాలో ఏ షాపులో అడిగినా ఇస్తారు. దాన్ని కొనాలా వద్దా అని బావా బామ్మర్దులు పొద్దున్నుంచీ వాదించుకుంటున్నారు.

మంచం మీదున్న ఎస్తేరు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె జయరాజు భార్య. తొర్రూరులో పత్తి మిల్లులో పనిచేస్తుండగా బేళ్ళు మీద పడి నడుము విరిగింది. దవాఖాన దగ్గరవుతుందని వరంగల్ వచ్చి అద్దెకు దిగారు. వచ్చిన రోజు ఎక్కిన మంచం ఆమె ఇంతవరకూ దిగలేదు. జయరాజే స్కూలు వ్యాను నడుపుతూ, వంట చేస్తూ, ఆమెకు ఒళ్ళు తుడుస్తూ రోజులు నెట్టుకొస్తున్నాడు. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని పైవాటాలో ఉండే ఇంటి ఓనరు ప్రేమలత కనబడిన వాళ్ళందరికీ చెబుతుంది.

ఎస్తేరుది ఒకటే కోరిక. వరంగల్‌లో జయరాజు చేరిన చర్చిని ఆమె చూడలేదు. అక్కడ ప్రతి ఆదివారం రోగుల కోసం ప్రార్థన చేసేటప్పుడు పాస్టరు తన పేరు కూడా చదువుతారట. జయరాజే చెప్పాడు. ఆ మాట పట్టుకునే ఆమె వారమంతా బతుకుతోంది. అంతమంది మధ్య తన పేరు పలకడం ఒక్కసారి చెవులారా వినాలి. అంతే.

ఆ చర్చి ఆరాధన ఈ ఆదివారం నుంచి యూట్యూబులో లైవ్ వస్తుందని రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. రఘునాథపల్లి నుంచి అక్కను చూడటానికి వచ్చిన ఫ్రాన్సిస్ దాన్ని చూశాడు. అప్పటి నుంచీ ఈ డబ్బా గొడవ.

“మనకు నెట్ ఏడుంది?” అన్నాడు జయరాజు.

“ప్రేమలతక్కకు వైఫై ఉన్నది బావా. పాస్‌వర్డ్ ఇస్తనన్నది.”

“టీవీ పాతది. దానికి ఆ డబ్బా పట్టే సందే ఉండదు.”

ఫ్రాన్సిస్ టీవీని జరిపి, వెనకాల దుమ్ము తుడిచి, సందు చూపించాడు.

“మీ అక్కకు రిమోట్ నొక్కుడు రాదు.”

“బటన్ పట్టుకొని తెలుగుల చెప్తే అదే పెడ్తది.”

“కరెంట్ ఎక్కువ తక్కువైతే కాలిపోతది.”

వంకలు పెట్టడంలో జయరాజు ఆరితేరినవాడు. ఒకటి తీసేస్తే ఇంకొకటి పుట్టిస్తాడు.

“పైసలు నేనే పెడ్త. నీకెందుకు ఫికర్?” అన్నాడు ఫ్రాన్సిస్ విసుగ్గా.

“పైసల గురించి కాదురా. అక్కడ అందరు నిలబడి పాటలు పాడుతాంటే, ఇది మంచంల పండుకొని ఎట్ల చూస్తది? ఏడుస్తది. అది ఏడుస్తే నేను చూడలేను.”

ఆ మాటకు ఫ్రాన్సిస్ టీవీని మళ్ళీ గోడకు జరిపేశాడు. ఎస్తేరుకు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. మొగుడి ప్రేమకు కాదు, ఇక డబ్బా రాదని.

“పోనీ పాస్టరు గారినన్న ఒక్కపాలి ఇంటికి తోల్కరారాదు?” అంది.

“పెద్ద సంఘం. ఆయనకు యాడ తీరుతది? నీ పేరు సదువుతాంటే నేను ఇంటాన గదా. వచ్చి నీకు చెప్తాన గదా.”

నిజమే, చెబుతున్నాడు. ఏ వారమూ మర్చిపోలేదు.

ఆ సాయంత్రం ఊరికి పోతున్నానని చెప్పి బయల్దేరిన ఫ్రాన్సిస్ నేరుగా హన్మకొండ వెళ్ళాడు. డబ్బా కొన్నాడు. రాత్రికి దోస్తు గదిలో పడుకున్నాడు. తెల్లారి సందు చివర టీ కొట్టులో చేరి, బావ చర్చికి వెళ్ళేదాకా దొంగలా కాపు కాశాడు.

“బావ వచ్చేసరికి నువ్వు చూసుడు అయిపోవాలె అక్కా,” అన్నాడు లోపలికొస్తూనే.

ప్రేమలత కూడా దిగొచ్చి పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద సున్నా కాసేపు గుండ్రంగా తిరిగి తిరిగి, టీవీ నిండా చర్చి వచ్చింది. ఎస్తేరు తలమీద కొంగు కప్పుకుంది. పాటలన్నీ తెలిసినవే. నడుము విరిగాక పాడటం మానేసిన మనిషి గొంతెత్తి పాడుతుంటే ఫ్రాన్సిస్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్ని పైసలు పోసినా ఇది దొరకదనుకున్నాడు.

కెమెరా అటూ ఇటూ తిరిగింది. “అగో, బావ. ముందు వరసలనే కూసున్నడు.”

“తెల్లంగి ఏసుకున్నడు,” అంది ఎస్తేరు మురిసిపోతూ.

రోగుల కోసం ప్రార్థన మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుంది. పాస్టరు ఒక్కొక్క పేరే చదువుతున్నారు. షుగరు ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, కాన్పుకు పోయినవాళ్ళు. ఎస్తేరు పేరు రాలేదు. ఆమేన్ కూడా అయిపోయింది.

“ఇయ్యాల మర్చిపోయిండేమో అక్కా,” అన్నాడు ఫ్రాన్సిస్ ఇబ్బందిగా.

“కాదు. మనది కొత్త కుటుంబం గదా. ఆఖర్ల సదువుతరు,” అంది ఆమె. కళ్ళు తెరవలేదు.

అందరూ కూర్చున్నారు. పాస్టరు మైకు సర్దుకుని, “ఇక మన జయరాజు గారి విషయం,” అన్నారు.

ఎస్తేరు చటుక్కున కళ్ళు తెరిచి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

“చెప్పిన్నా లేదా? జర సౌండ్ పెంచు.”

ఫ్రాన్సిస్ పెంచాడు.

“భార్య చనిపోయి ఒంటరిగా ఉంటున్న మన సహోదరుడు జయరాజుకు, మన సంఘ సహోదరి రాజేశ్వరికి వివాహం నిశ్చయమైంది కనుక, దీనికి అభ్యంతరం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడి చెప్పాలి.”