కొట్టివేతలు లేని రాత

డాక్టర్ సత్యానందం మందు రాయలేదు. రాయడమే మందన్నాడు.

గురప్ప బిత్తరపోయాడు. అతనికి తెలిసిన మందులు రెండే. ఒకటి తాగేది, ఒకటి పేలేది. మొదటిదానికి మనిషి తూలుతాడు, రెండోదానికి రాలుతాడు. ఈ మూడో మందు పేరు ఇప్పుడే వింటున్నాడు.

"మాత్రలిచ్చి నిన్ను పడుకోబెట్టగలను గురప్పా. నీ లోపల కూర్చున్న మనిషిని పడుకోబెట్టలేను. జరిగింది జరిగినట్టు రాసి తీసుకురా."

లోపల కూర్చున్న మనిషి వెంకటేశు. ముద్దనూరు, తొండూరు మధ్య రోడ్డు కింద వాననీళ్లు పారే మోరీ దగ్గర పట్టపగలు హతమైనవాడు. బుల్లెట్టు మీద వచ్చి కొడవలికి పోయాడు. ఆ కేసులో శిక్ష పూర్తిగా అనుభవించి గురప్ప బయటికి వచ్చాడు. కడప జైలు అతన్ని వదిలింది. వెంకటేశు వదల్లేదు.

కళ్లు మూస్తే అదే. తెగిన చెప్పు. పక్కకు ఒరిగిన బండి. తెల్ల పంచె మీద ఎర్రటి మరక, దాని మీద ఈగలు.

ప్రొద్దుటూరులో ఈ డాక్టరు దగ్గరికి లాక్కొచ్చింది కూతురు ఇందిరమ్మ. తల్లి పోయింది. తండ్రి జైల్లో ఉండగానే ఆమె పెరిగింది, పెళ్లయింది, ఇప్పుడు చంకలో బిడ్డ. తాత ఇంతవరకు ఆ బిడ్డను ముట్టుకోలేదు.

"ఒక్కసారి ఎత్తుకో నాయనా. ఏం కరవదులే, ఇంగా పండ్లు రాలేదు."

"వద్దు మే. నెత్తురంటిన చేతులు ఇవి. ఆ బిడ్డకు తగలకూడదు."

ఆ చేతులతోనే రాయడానికి కూర్చున్నాడు. గొర్రెల వెంట తిరిగినన్నాళ్లూ తలరాత తప్ప వేరే రాత ఎరగడు. అక్షరాలు జైల్లో దిద్దాడు. రాసేది వెతుక్కోవలసిన పని లేకపోయింది. పోలీసులకు లొంగిపోయే ముందు పార్టీ పెద్ద ఆదినారాయణ తోటలో కూర్చోబెట్టి ప్రతి మాటా వల్లె వేయించాడు. "ఒక్క మాట తేడా వచ్చినా మనోళ్లంతా లోపలికే గురప్పా" అన్నాడు. తేడా రానివ్వలేదు గురప్ప. పోలీసుల ముందు అదే, కోర్టులో అదే, జైల్లో కొత్తగా వచ్చిన ప్రతివాడి ముందూ అదే.

ఆదినారాయణ కూడా మాట మీద నిలబడ్డాడు. ఇంటికి గింజలు పంపాడు, బిడ్డను చదివించాడు. పార్టీ మీదే నిలబడలేదు. ఆయన పార్టీ, వెంకటేశు పార్టీ ఇప్పుడు ఒకే పార్టీ. కండువాలు కలిసిపోయాయి. కాటికి పోయినవాళ్లు పోయారు.

గురప్ప రాసింది డాక్టరు చదివాడు. "నేను, నాతోబాటు ఇంకొందరు మోరీ కింద దాక్కుంటిమి. వెంకటేశు బండి మీద వచ్చినాడు. మొదటి వేటు నేనే వేసినాను..."

"ఒక్క కొట్టివేత కూడా లేదే! నా డాక్టరు పరీక్ష పేపర్లు కూడా ఇంత శుభ్రంగా లేవయ్యా" అన్నాడు. మళ్లీ రాయించాడు. అక్షరం పొల్లుపోకుండా అదే వచ్చింది.

డాక్టరు నవ్వడం మానేశాడు.

"అన్నీ కంటికి కనబడేవే రాశావు. చెవికి వినబడేది ఒక్కటీ లేదు. ఆయన అరిచాడా? కడపట ఏమన్నా అన్నాడా?"

గురప్ప కళ్లు మూసుకున్నాడు. తెగిన చెప్పు కనబడింది. ఈగలు కనబడ్డాయి. గొంతు మాత్రం వినబడలేదు.

"గుర్తు రాలేదు సార్."

"అదే నీ లోపల ముల్లు. సరే, దీన్ని వినాల్సిన మనిషి ఎవరైనా బతికున్నారా?"

"ఆయప్ప పెండ్లాం ఉంది సార్. వనజమ్మ."

"పోయి చదివి వినిపించు. తిడితే తిట్టించుకో. తర్వాత ఇంటికి పోయి మనవరాలిని ఎత్తుకో."

వనజమ్మ జమ్మలమడుగులో కొడుకు దగ్గర ఉంటోంది. నాపరాతి అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది.

"ఎవురప్పా?"

"నేనమ్మా. గురప్పను."

ఆమె చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. కోర్టులో ఒక్కసారి అతన్ని చూసి తల దించుకుంది. ఇప్పుడూ అంతే. తన ముఖం చూడలేనంత అసహ్యం అనుకున్నాడు గురప్ప. మెట్టు ఎక్కలేదు. కింద నిలబడే కాగితం విప్పి చదివాడు. మోరీ వచ్చింది. బండి వచ్చింది. మొదటి వేటు వచ్చింది.

"ఏందప్పా నువ్వు సదివేది?" అంది వనజమ్మ.

"జరిగింది జరిగినట్టు రాసినానమ్మా. ఒక్కటే గుర్తు రాలే. కడాకు ఆయప్ప ఏమన్యాడో. అదొక్కటి తెలిస్తే నీ కాళ్లు పట్టుకొని పోతా."

ఆమె చేతిలో కాయను కింద పెట్టింది.

"పోలీసులకిచ్చిన కాయితంలో పేర్లు మావోళ్లే రాసినారు గురప్పా. సదువు రానిదాన్ని, ఏలిముద్ర ఏసినా. కోర్టులో నోరు తెరిస్తే నా కొడుకును బతకనియ్యమన్యారు."

"దాంట్లో నీ తప్పేముందమ్మా? నా పేరు రాయక ఇంగెవురి పేరు రాస్తారు? నరికింది నేనే గదా!"

వనజమ్మ తల ఎత్తింది. మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపులో అసహ్యం లేదు, భయం ఉంది.

"గురప్పా... ఆ పొద్దు మా చేన్లో గొర్రెల మంద నిలిపి, నీళ్లకు తోలుకపోతా మోరీ కాడ ఆయప్ప పీనుగను చూసి, 'అక్కా, అన్నను ఎవురో నరికిపోయినార'ని ఏడ్సుకుంటా మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది నువ్వే గదప్పా!"