అత్త పక్క చోటు

“అత్తా, దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో వరం ఇస్తాడు. నీది కుట్టుపని. పాట మాకొదిలెయ్,” అన్నాడు చర్చిలో పాటలు నడిపించే మేనల్లుడు. ఈ మాట మెత్తగా ఎలా చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాడు.

అత్త మిషన్ ఆపకుండానే నవ్వింది. “నా గొంతు అంత ఘోరమా?”

“పైకప్పు లేచిపోతోంది.”

“మరి నా పక్కన నిలబడే, ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సమ్మ ఎలా పాడుతోంది?”

“బంగారంలా! నీ హోరులో వినబడితేగా!”

“వచ్చిన కొత్తలో పెదవులు మాత్రమే కదిపేది. నా పాట విన్నాక, ఇంతకంటే ఘోరంగా ఏం పాడతానులే అని గొంతు విప్పింది. ఇక తనను ముందు వరసకి తీసుకుపో. నా పక్కకి ఇంకో బిడియస్తురాలిని పంపు.”

మేనల్లుడు పకపకా నవ్వాడు. “భలే దానివే! ఎన్నాళ్లుగా ఈ నాటకం?”

అత్త పంటితో దారం కొరికింది.

“చిన్నప్పుడు నువ్వు నిలబడింది ఎవరి పక్కన్రా?”