తీతువు మోసిన నీళ్లు

ఎండిన చెరువు నడిబొడ్డున తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. మృగశిర కార్తె దాకా వాన రాదని, ఈలోపు పిల్లలు గట్టెక్కుతాయని దానికి తన తల్లి నేర్పిన లెక్క. ఎండకు గుడ్లు ఉడికిపోతాయేమోనని దానికి కాలు నిలిచేది కాదు. దూరపు మడుగుకు పరుగెత్తి, పొట్ట తడుపుకొచ్చి వాటిమీద కూర్చునేది.

"వానలిప్పుడు కార్తెలు చూసుకుని రావట్లేదే పిల్లా! గట్టుమీద పెట్టుకోవాల్సింది," అంది నెర్రెలో దాగిన ముసలి తాబేలు.

"మా అమ్మకన్నా నీకెక్కువ తెలుసా అత్తా?" అని కసిరింది తీతువు.

రోహిణి కార్తె సగంలోనే ఆకాశానికి చిల్లుపడినట్టు కురిసింది. వరద చెరువులోకి దూకింది.

"పదిరోజులాగి రావే!" అని అరిచింది తీతువు. గుడ్లు ఎత్తుకెళ్లే వీల్లేదు, వదిలే మనసు లేదు. వాటిమీదే కూర్చుంది.

ఇన్నాళ్లూ తాను చుక్కచుక్కగా మోసుకొచ్చిన నీళ్లు, ఇప్పుడు వాటంతటవే వచ్చి పొట్ట తడిపాయి.