ధనుంజయరావు మనవడు

బడికి బయల్దేరుతున్న ఆనంద్ సంచిలోంచి పార్టీ కండువా లాగి, ధనుంజయరావు నీళ్ల పొయ్యిలో పడేశాడు.

"ఏంది తాతా అది? సాయంత్రం రాజుపాలెం సెంటర్లో ర్యాలీ ఉంది. మా తొమ్మిదో తరగతోళ్లంతా పోతన్నారు."

"నువ్వు పోవు."

"అది మన పార్టీయే గదా."

"పార్టీ మనదే. ర్యాలీకి మాత్రం నువ్వు పోవు. బడి, బస్సు, ఇల్లు. ఎలక్షన్లు అయిందాకా అంతే."

"ఎందుకు?"

"చెప్పా గదా."

"అదే, ఎందుకో చెప్పు."

ధనుంజయరావు పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశాడు.

"నువ్వు తిరగలేదా? జెండా పట్టుకొని అందరికంటే ముందు నువ్వే ఉండేవాడివంట. ఊళ్లో ఇప్పటికీ చెప్తారు."

ముసలాయన ముఖం నల్లబడింది. చెప్పులేసుకుని పొలం వైపు వెళ్లిపోయాడు.

తల్లి కుసుమ అన్నం క్యారేజీ చేతికిచ్చింది.

"పెద్దాయన వద్దన్నాడంటే ఏదో ఉంటదిరా."

"ఏం ఉండదు. ముసలోళ్లకి వద్దనడమే పని."

సాయంత్రం ఆనంద్ బస్సెక్కలేదు.

రాజుపాలెం సెంటర్లో డీజే మోగుతోంది. బైకుల మీద కుర్రాళ్లు జెండాలు ఊపుతున్నారు. ఎవరో ఆనంద్ మెడలో కండువా వేశారు. స్నేహితుడి అన్న బైకు ఆపి, ఎక్కమని వెనక సీటు చూపించాడు.

ఆనంద్ కాలు ఎత్తాడో లేదో, ఎవరో వెనక నుంచి చొక్కా కాలర్ పట్టుకున్నారు.

ముక్కూమొహం తెలియని మనిషి. అరవై దాటి ఉంటాయి. మాసిన పంచె, చంకలో పురుగుమందు డబ్బా.

"ఎక్కొద్దు అబ్బాయ్. అవతల సందులో మా పార్టీవోళ్లు రాళ్లు పోసుకొని కూచున్నారు. నేను చూసొచ్చా."

"నువ్వెవరు నాకు చెప్పడానికి? వదులు."

"ఎవరి పిల్లోడివి నువ్వు?"

"ధనుంజయరావు గారి మనవణ్ణి."

ఆ పేరు చెబితే ఎవరైనా చెయ్యి తీస్తారని ఆనంద్ అనుకున్నాడు.

ముసలాయన అతని ముఖంలోకి చూశాడు. చూసి, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

బైకు మీది కుర్రాళ్లు నవ్వారు. ఆనంద్‌కు తల కొట్టేసినట్టయింది. వంగి, ముసలాయన ముంజేతిని కసిగా కొరికాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

అయినా ఆ పట్టు సడలలేదు. బైకులు ముందుకు వెళ్లిపోయాయి.

అవి మలుపు తిరిగాయో లేదో రాళ్లు మొదలయ్యాయి. వాటి వెనకే సోడా సీసాలు. జనం విరగబడి వెనక్కి పరుగెత్తారు. ముసలాయన ఆనంద్‌ను అరటిపళ్ల బండి కిందికి తోసి, తాను అడ్డంగా వంగాడు.

అతని తల మీద రాయి పడిన చప్పుడు ఆనంద్‌కు వినిపించింది.

"పో అబ్బాయ్. రోడ్డెక్కొద్దు. పొలాలకడ్డంబడి పో."

ఆనంద్ పరుగెత్తాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు ఊళ్లో చెప్పుకున్నారు. పక్కూరి రైతు కృష్ణయ్య పురుగుమందు కోసం సెంటర్‌కు వచ్చి, తలకు దెబ్బ తగిలి, నరసరావుపేట ఆసుపత్రిలో పోయాడట.

ఆనంద్ తాత దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. కొరికిన సంగతి కూడా దాచలేదు.

ధనుంజయరావు తిట్టలేదు. మంచం మీద కూర్చున్నవాడు అలాగే గోడకు జారగిలబడ్డాడు.

"కృష్ణయ్యా?" అన్నాడు.

"నీకు తెలుసా? అయితే పద తాతా, చూసొద్దాం."

"ఆ ఇంటికి మనం పోకూడదు."

"దీనికీ వద్దేనా?" అన్నాడు ఆనంద్. "ఆయన నా మూలాన చచ్చిపోయాడు తాతా."

ధనుంజయరావు తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

ఆనంద్ ఒక్కడే సైకిలు మీద వెళ్లాడు.

కృష్ణయ్యను వసారాలో పడుకోబెట్టారు. తలకు కట్టు. ముంజేతి మీద పళ్ల గాట్లు అలాగే ఉన్నాయి. ఆయన భార్య రాఘవమ్మ పక్కన కూర్చుని ఉంది.

"ధనుంజయరావు మనవడివి నువ్వేనా?" అంది.

వాకిట్లో మగవాళ్లు ఒక్కసారిగా తలలు తిప్పారు.

ఆనంద్ తలూపాడు.

"ఆసుపత్రిలో ఒక్కసారి కళ్లు తెరిచాడు. ధనుంజయరావు మనవడు ఇల్లు చేరాడా అన్నాడు. ఇంకేం మాట్లాడలా."

ఆనంద్ ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"నేను ఆయనకేమవుతానని మామ్మా? ఎందుకు నన్ను కాపాడాడు?"

రాఘవమ్మ గోడ వైపు చూసింది. అక్కడ ఒక ఫొటో ఉంది. స్కూలు బట్టల్లో ఒక అబ్బాయి. ఇంకా మీసం రాలేదు.

"మా పిల్లోడు. ఒక్కడే మాకు. ఇరవై ఏళ్ల కిందట, నీ ఈడప్పుడు ర్యాలీకి పోతానన్నాడు. మేము వద్దనలా."

"ఏమయింది మామ్మా?"

"బాంబు తగిలింది. పెద్దమనుషులు కూర్చోని కేసు రాజీ చేశారు."

"ఎవరేశారు?"

వాకిట్లో ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. రాఘవమ్మ చేత్తో వాళ్లను ఆపింది. ఆమె గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు.

"ఇంక ఇంటికి పో నాయనా, వీళ్లు ఊరుకోరు. మా ఆయన కళ్ల ముందే మావాడి మీద బాంబేసింది మీ తాతే."